టమాటా టైమరు: రెండు నెలలు వాడిన తర్వాత

నెల్లూరు మూలపేటలో మా ఇంటి ముందు గదిలోనే మిషను వేసుకుని పదిహేడేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, కాబట్టి జాకెట్లూ అంతగా ఉండవు. శ్రావణం రద్దీ మొదలయ్యేలోపు లైనింగు గుడ్డలు తడిపి ఆరేసుకోవాలనీ, దారపు ఉండలు రంగులవారీగా సర్దుకోవాలనీ ఏటా అనుకుంటాను. ఏటా మధ్యాహ్నం రెండింటికి ఒక్క వీడియో చూసి లేద్దామని ఫోను పట్టుకుంటాను. తలెత్తేసరికి పాలమనిషి గుమ్మంలో ఉంటుంది.

తిరుపతిలో చదువుతున్న మా అమ్మాయి సెలవులకు వచ్చి ఈ సంబరం చూసింది. వంటింట్లో వాడే తిప్పుడు టైమరు కొనుక్కోమంది. ఇటలీలో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే ఆయన 1980ల చివర్లో, చదువుకునే రోజుల్లో, టమాటా ఆకారపు టైమరు ముందు పెట్టుకుని చదివేవాడట. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విశ్రాంతి. అలా నాలుగుసార్లు అయ్యాక కాస్త పెద్ద విరామం. ఇటాలియన్‌లో టమాటాను పొమొదోరో అంటారు, ఆ పద్ధతికి అదే పేరు స్థిరపడింది.

"ఫోనులోనే టైమరు ఉంది కదే" అన్నాను.

"దొంగ చేతికి తాళాలు ఇస్తావా అమ్మా?" అంది.

చిన్న బజారులో ఒక స్టీలు సామాన్ల దుకాణంలో 220 రూపాయలకు దొరికింది. ఇదీ టమాటాయే, ప్లాస్టిక్‌ది, పైన ఆకుపచ్చ తొడిమ. ఇంటికి తెచ్చి అయిదు నిమిషాలకు తిప్పాను. టిక్ టిక్ అంటూ కదిలింది కానీ చివర మోగలేదు. మర్నాడు ఎండలో పడి దుకాణానికి వెళ్లి గొడవ పెట్టుకున్నాను. ఆయన శాంతంగా దాన్ని తీసుకుని, చివరిదాకా, అంటే 60 వరకు తిప్పి, వెనక్కి అయిదు దగ్గరికి తెచ్చి బల్ల మీద పెట్టాడు. సరిగ్గా మోగింది. లోపలి స్ప్రింగు నిండా బిగుసుకుంటే తప్ప గంట కొట్టే శక్తి రాదట. పెట్టెలో ఒక కాగితం ముక్క వేసి ఉంటే నాకు రానూపోనూ ఆటో ఖర్చు తప్పేది.

ఇక పనితీరు. గంట పెడితే 57 నిమిషాలకే మోగుతుంది. జాకెట్లకు పరవాలేదు, కేకులు చేసేవాళ్లు ఆలోచించుకోవాలి. బ్యాటరీ లేదు, కరెంటు పోయినా దాని పని అది చేసుకుంటుంది. గంట అయిదారు సెకన్లు మోగి ఊరుకుంటుంది, పక్కన మిక్సీ తిరుగుతుంటే వినపడదు. అన్నిటికంటే పెద్ద లోపం కింద రబ్బరు కాళ్లు లేకపోవడం. నా మిషనుకు మోటారు ఉంది. ఆ అదురుకు టమాటా మెల్లగా అంచుకు నడిచి వెళ్లి రెండుసార్లు కింద పడింది. తొడిమ విరిగింది. ఇప్పుడు పాత జాకెట్టు గుడ్డ నాలుగు మడతలు వేసి దాని మీద కూర్చోబెడుతున్నాను. శబ్దం కొంచెం తగ్గింది, పడటం మానింది.

25 నిమిషాల లెక్క మాత్రం నాకు కుదరలేదు. చెయ్యి అతికేటప్పుడు గంట మోగిందని సగంలో వదిలేస్తే, తిరిగి వచ్చాక కుచ్చులు ఎక్కడ మొదలుపెట్టానో వెతుక్కోవాలి. అందుకని కుట్టుకు 40 పెట్టుకున్నాను. ఫోనుకు 15. ఆ 15 కూడా తిప్పి, టమాటాను వంటింటి గట్టు మీద పెట్టి వస్తాను. మోగినప్పుడు లేచి వెళ్లకుండా ఉండలేను. లేచాక మళ్లీ వచ్చి కూర్చోబుద్ధి కాదు.

నా కాలమంతా ఫోనే తినేస్తోందని ఇన్నాళ్లూ దాన్నే తిట్టాను. మొదటి వారం ఆ 40 నిమిషాల్లో ఎన్నిసార్లు లేచానో క్యాలెండరు వెనక గీతలు పెట్టాను. ఒకరోజు తొమ్మిది గీతలు! రెండు తలుపు దగ్గరికి. మిగిలిన ఏడూ కత్తెర కోసం, సుద్ద కోసం, మళ్లీ కత్తెర కోసం. కత్తెర ఎప్పుడూ ఏదో గుడ్డ కిందే ఉంటుంది. మర్నాడు లంగా నాడా ఒకటి తీసి, దాంతో కత్తెరను మిషను కాలుకు కట్టేశాను. సుద్దకు పాత కుంకుమ భరిణె ఇచ్చాను. గీతలు మూడుకు దిగాయి. పదిహేడేళ్ల అనుభవం ఉన్నదాన్నని చెప్పుకోవడానికి ఆ రోజు కాస్త సిగ్గేసింది.

మిగిలిన సమయంతో ఏమి చేశానంటే, మూడేళ్లుగా అటక మీద దుమ్ము పట్టిన మగ్గం చట్రం దింపాను. రోజుకు ఒక 40 నిమిషాలు సూది పడుతున్నాను. మా అమ్మాయి జాకెట్టు వీపు మీద జరీతో ఒక మామిడి పిందె పూర్తయింది. కొంచెం వంకరగా ఉంది, అయినా విప్పను. భోజనం తర్వాత 20 నిమిషాలు పెట్టుకుని కునుకు కూడా తీస్తున్నాను. అదీ వృథాయే అంటారు మావారు. ఆయన మధ్యాహ్నం గంటన్నర పడుకుంటారు, లెక్క పెట్టేవాళ్లు లేరు.

కొనాలనుకుంటే దుకాణంలోనే నిండా తిప్పి, మోగించి చూసి డబ్బివ్వండి. అయిస్కాంతం ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి, బీరువాకు అంటించుకోవచ్చు. నేను అయిదుకు మూడున్నర ఇస్తాను. పడిపోకుండా ఉంటే నాలుగు ఇచ్చేదాన్ని.

ఆ మిగిలిన అర మా ఎదురింటి పిన్ని వల్ల కలపాలేమో. రోజూ నాలుగింటికి వచ్చి కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు గానీ లేచేది కాదు, పొమ్మనడానికి నాకు నోరు రాదు. మొదట్లో ఆ గంట మోగితే "కుక్కరేమో చూడు" అనేది. ఇప్పుడు వస్తూనే టమాటాను తానే నిండా తిప్పి వెనక్కి తెస్తుంది. "అరగంట పెట్టానమ్మాయ్, ఇక చెప్పు" అంటూ కుర్చీ లాక్కుంటుంది.