డబ్బు ముందే కట్టాం, గ్లైడర్లు అల్మారాలోనే ఉన్నాయి

తిరుపతిలో మా పిల్లల ఏరోమోడలింగ్ క్లబ్బుకి ఆరు బాల్సా గ్లైడర్లున్నాయి (తేలికపాటి చెక్కతో చేసిన, ఇంజిన్ లేని చిన్న మోడల్ విమానాలు), వాటి మెయింటెనెన్స్ నిరుడు ఏడాది కాంట్రాక్టు మీద ఒక వర్క్‌షాపుకిచ్చాం. రేటింగ్ 2/5.

మొదటి రెండు నెలలు బాగా చూశారు. రెక్క విరిగితే రెండు రోజుల్లో అతికించి, ముక్కు దగ్గర బరువు సరిచూసి మరీ ఇచ్చారు. ఆ తర్వాత ఏ గ్లైడర్‌కి ఎప్పుడు ఏం చేశారో, ఏ జిగురు వాడారో ఒక్క కాగితం లేదు, అడిగితే "అంతా ఓకే సార్, ఎగరేసుకోండి" అన్నారు. ఒకరోజు మా ఎనిమిదో తరగతి పిల్ల రెక్కని మెల్లగా వంచి చూస్తే లోపలి ప్రధాన కర్రకి పగులు కనిపించింది, దాని మీద రంగేసి ఇచ్చేశారు! నాకు ఒళ్ళు మండిపోయింది.

బ్రిటన్‌లో ఇదే సమస్య మనుషులెక్కే గ్లైడర్లకి వచ్చింది. అక్కడి ఎయిర్ క్యాడెట్ల (వైమానిక దళం నడిపే పిల్లల సంస్థ) వైకింగ్, విజిలెంట్ గ్లైడర్లని ఎగరడానికి తగినట్టున్నాయన్న నమ్మకం లేక 2014 ఏప్రిల్‌లో ఆపేశారు. మిలిటరీ వాటికి కూడా మరమ్మతుల రికార్డులు సరిగ్గా లేకపోతే ప్రతి భాగాన్నీ మళ్ళీ మొదటినుంచి తనిఖీ చేయాల్సిందే కదా, ఏళ్ళు పట్టింది. విజిలెంట్లని 2018లో పూర్తిగా పక్కన పెట్టేశారు, ఈలోగా ఎంతోమంది పిల్లలు క్యాడెట్ వయసు దాటిపోయారు.

అందుకే ఈసారి కాంట్రాక్టులో ఒక్కో గ్లైడర్‌కి ఒక లాగ్‌బుక్, పనిచేసినవాళ్ళ సంతకం, మేం చూశాకే డబ్బు అని రాయించాం. రెండు స్టార్లూ అక్కడ రెక్కలు అతికించే అన్నకే, ఆయన పని నిజంగా బాగుంటుంది.