మా చిన్నోడికి స్పైరోమెట్రీ: ఊదించిన అమ్మాయికి అయిదు, తూకం వేసినావిడకి ఒకటి

రేటింగ్ ముందే చెప్పేస్తాను. పరీక్ష చేసిన తీరుకి అయిదుకు అయిదు. డాక్టరు గారు ఓపిగ్గా విడమరిచి చెప్పినందుకూ అయిదే. రిసెప్షన్‌కీ, బరువు తూచే దగ్గర జరిగిన భాగోతానికీ ఒకటి. ఆ ఒకటీ హాల్లో ఫ్యాన్ బాగా తిరిగింది కాబట్టి.

విజయవాడ సూర్యారావుపేటలో పిల్లల ఛాతీ డాక్టరు దగ్గర చేయించిన స్పైరోమెట్రీ గురించి ఇది. అంటే గొట్టంలో ఊదించి, ఊపిరితిత్తుల్లోంచి ఎంత గాలి ఎంత వేగంగా బయటికి వస్తుందో కొలిచే పరీక్ష. మెచ్చుకునేవీ ఉన్నాయి, తిట్టేవీ ఉన్నాయి కనుక పేరు రాయడం లేదు. ఆ పేటలో ఆస్పత్రి బోర్డులకు కొదవా? ఎక్కడికి వెళ్ళినా ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు.

నేను జడ్పీ హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యాను. మనవడికి 11 ఏళ్ళు, ఆరో తరగతి. కోవిడ్ రోజుల్లో ఇంట్లో కూర్చుని ఒళ్ళు చేసినవాడు మళ్ళీ తగ్గలేదు. ఎత్తు 146 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. మా చుట్టాలు బొద్దుగా ముద్దుగా ఉన్నాడంటారు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళు 2015లో ఇచ్చిన చార్టులో పెట్టి చూస్తే ఊబకాయం గీత దాటేశాడు. మెట్లెక్కితే రొప్పుతాడు, రాత్రి గురక పెడతాడు. ఇంతకుముందు ఇంకోచోట చూపిస్తే ఒకసారి ఊదించి, ఊపిరితిత్తుల కెపాసిటీ తక్కువుంది, ఉబ్బసం కూడా ఉండొచ్చు అని ఇన్‌హేలర్ రాసిచ్చారు. వాడుతున్నా ఆయాసం తగ్గలేదు. అందుకే ఇక్కడికి వచ్చాం.

ముందు తిట్లు కానిచ్చేద్దాం. క్లినిక్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ పని చేయడం లేదు. ఆయాసమని వచ్చిన పిల్లల్ని రెండంతస్తులు ఎక్కించి, పైకి రాగానే పేరు పిలుస్తారు. ఆ కంగారులో చేస్తే పరీక్ష ఏం బాగుంటుంది? కాసేపు కూర్చోనివ్వమని మీరే గట్టిగా అడగండి. పరీక్షకు ముందు పొట్ట నిండా తినకూడదని, బిగుతు బట్టలు వద్దని, ఆయాసం వచ్చినప్పుడు కొట్టుకునే ఇన్‌హేలర్ వాడితే కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలని అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. నేను గుచ్చి గుచ్చి అడిగితే గానీ చెప్పలేదు. ఎడం ఎంతన్నది మందుని బట్టి మారుతుంది, పైగా ఆయాసం ఎక్కువున్న పిల్లలకి మందు ఆపడం మంచిది కాదు. డాక్టర్ని అడిగే ఆపండి.

అన్నిటికన్నా ఒళ్ళు మండింది తూకం దగ్గర. సిస్టర్ కాటా చూసి, హాలంతా వినబడేలా "యాభై ఎనిమిదా! ఏం పెడుతున్నారమ్మా వీడికి?" అంది. చిన్నోడు షర్ట్ కిందకి లాక్కుని నా వెనక్కి చేరాడు. ఆ హాల్లో అలాంటి పిల్లలే సగం మంది ఉన్నారు. మన దేశంలో 5 నుంచి 19 ఏళ్ళ లోపు వాళ్ళలో ఊబకాయం ఉన్నవాళ్ళు 1990లో 4 లక్షలైతే, 2022 నాటికి కోటీ 25 లక్షలయ్యారని లాన్సెట్ అనే వైద్య పత్రికలో అంచనా వచ్చింది. ఇంతమంది పిల్లలు గడప తొక్కే చోట అంకె నోటితో అరవకుండా కాగితం మీద రాయడం నేర్చుకోలేరా? పైగా ఎత్తు బూట్లతోనే కొలవబోయింది. నేనే ఆపి విప్పించాను. బూట్లదేముంది అనుకోకండి. ఈ పిల్లాడు ఇంత గాలి ఊదాలి అని యంత్రం లెక్క కట్టేది వయసు, ఎత్తు, ఆడా మగా అన్నదాన్ని బట్టి. బరువు ఆ లెక్కలోకి రాదు. ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ పడితే రావలసిన అంకె పెరుగుతుంది, పిల్లాడి శాతం ఊరికే పడిపోతుంది. వెనకటి చోట బూట్లతోనే కొలిచారు.

ఇక పరీక్ష గది. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, డబ్బులు ఇక్కడే గిట్టుబాటయ్యాయి.

టెక్నీషియన్ పాతికేళ్ళ అమ్మాయి. చిన్నోడిని నిటారుగా కూర్చోబెట్టి, కాళ్ళు నేలకి ఆనేలా పీట వేసి, ముక్కుకి క్లిప్పు పెట్టింది. నోట్లో గొట్టం చుట్టూ పెదాలు బిగించడం ముందు తనే చేసి చూపించింది. మొదటిసారి స్క్రీన్ మీద పుట్టినరోజు కేకు, కొవ్వొత్తులు వచ్చాయి. వాడు ఉఫ్‌మని ఊదాడు, కొవ్వొత్తులన్నీ ఆరిపోయాయి, మొహం వెలిగిపోయింది. ఆ పిల్ల మెచ్చుకుంటుందనుకున్నా. "బాగా మొదలెట్టావు నాన్నా, కానీ ఆరగానే ఆపేశావు. ఇది వద్దు, వేరే ఆట ఆడదాం" అని బౌలింగ్ బంతి ఆట పెట్టింది. ఊదుతూనే ఉంటే బంతి దొర్లుతూ వెళుతుంది, చివరిదాకా ఊదితేనే పిన్నులు పడతాయి. ఇక చూడాలి దాని అరుపులు. "ఊదు! ఊదు, ఊదు, ఇంకా ఇంకా ఇంకా, ఆపకు, ఇంకొంచెం ఉంది, పిండెయ్, పిండెయ్!" వాడితో పాటు తనూ ముందుకి వంగిపోయింది. వంద మీటర్ల పరుగులో రిబ్బన్ కనబడగానే నెమ్మదించే పిల్లల్ని దాటాక కూడా పరిగెత్తమని నేను ఏళ్ళ తరబడి అరిచిన అరుపే అది. ఆ పిల్లకి ఎవరు నేర్పారో గానీ కోచ్ అయి పుట్టాల్సింది.

ఒక్కసారి ఊదితే సరిపోదు. బాగా వచ్చినవి కనీసం మూడుండాలి, వాటిలో అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన రెండూ 150 మిల్లీలీటర్ల తేడాలో ఉండాలి. మధ్యమధ్యలో నీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. తర్వాత ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం, అదే స్పేసర్‌తో, గాలిగొట్టాల్ని వదులు చేసే సాల్బుటమాల్ మందు ఇచ్చి, పావుగంట ఆగి, మళ్ళీ ఊదించింది. ఈ పావుగంట ఎగ్గొట్టి రిపోర్టిచ్చే చోట్లున్నాయి, జాగ్రత్త.

డాక్టరు గారు పాత రిపోర్టూ కొత్తదీ పక్కపక్కన పెట్టారు. పాతదాంట్లో మొత్తం ఊదిన గాలి, అంటే ఎఫ్‌వీసీ, 1.80 లీటర్లు. గ్రాఫు పైకి లేచి సెకను నిండకుండానే తెగిపోయింది. "వీడి ఊపిరితిత్తులు చిన్నవి కావమ్మా, మధ్యలో ఆపేశాడు, ఆపేస్తే ఎవరూ చూసుకోలేదు" అన్నారు. కొత్తదాంట్లో ఎఫ్‌వీసీ 2.60. వాడి ఎత్తుకి రావలసిన దానికంటే కాస్త ఎక్కువే! మొదటి సెకన్లో ఊదింది, అదే ఎఫ్‌ఈవీ1, 2.02 లీటర్లు. అదీ మామూలే. కానీ రెంటి నిష్పత్తి 78 శాతం. ఈ వయసులో సగటున 85 పైనే ఉంటుందట. వీడిది కింది హద్దుకి దగ్గరగా ఉంది. అంటే లోపల గాలి బాగానే ఉంది, బయటికి రావడమే కాస్త నిదానం. మందు కొట్టాక 2.08 అయింది, మూడు శాతం మాత్రమే పెరిగింది. 12 శాతం పెరిగితే ఉబ్బసం వైపు అనుమానం బలపడేది.

ఊబకాయం ఉన్న పిల్లల్లో ఈ తరహా రిపోర్టు తరచుగా చూస్తామని ఆయన చెప్పారు. లావైన పెద్దవాళ్ళలో ఊపిరితిత్తుల కెపాసిటీ తగ్గుతుంది. పెరిగే పిల్లల్లో అలా కాదు, ఊపిరితిత్తులు పెద్దవవుతాయి గానీ గాలిగొట్టాల వెడల్పు ఆ లెక్కన పెరగదు. దీన్ని డిసనాప్సిస్ అంటారట. దీనివల్ల నిష్పత్తి తగ్గి కాగితం మీద ఉబ్బసంలా కనబడుతుంది. ఇంకోటి స్పైరోమెట్రీ అంకెల్లో అంతగా కనబడదు. చిన్నోడిని బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యి పెట్టి నాకు చూపించారు. పొట్టలోని కొవ్వు డయాఫ్రమ్‌ని, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఊపిరి కండరాన్ని, పైకి నెడుతుంది, ఛాతీ మీది కొవ్వు పక్కటెముకల్ని సాగనివ్వదు. మామూలుగా ఊపిరి వదిలేశాక కూడా లోపల కొంత గాలి మిగిలి ఉండాలి కదా, ముందు తగ్గేది అదే. దాంతో కింది భాగంలో సన్నటి గొట్టాలు మూసుకుంటుంటాయి. వాడు పడుకోగానే ఊపిరి పైపైకి వచ్చింది, కూర్చోబెడితే సర్దుకుంది. ఇన్నాళ్ళూ రెండు దిండ్లు కావాలని పేచీ పెడుతుంటే గారాబం అనుకున్నాం.

లావు పిల్లల్లో ఉబ్బసం కూడా ఎక్కువే, అలాంటప్పుడు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మిగతా పిల్లలకి పనిచేసినంతగా పనిచేయకపోవచ్చు అన్నారు. అందుకే ఒక్క రిపోర్టు చూసి ఉబ్బసం లేదని కొట్టిపారేయలేదు. పిల్లికూతలు వినబడ్డాయా, రాత్రిళ్ళు దగ్గుతాడా, ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగి, మందు తగ్గించే పద్ధతి రాసి మళ్ళీ రమ్మన్నారు. మీరు చదివి మీ పిల్లల ఇన్‌హేలర్ ఆపేయకండి. గురక సంగతి విని గొంతులో టాన్సిల్స్ చూసి, నిద్ర పరీక్షకి రాశారు.

బరువు విషయంలో ఆయన మాట నాకు నచ్చింది. ఎత్తు పెరిగే వయసు కాబట్టి కిలోలు తగ్గించాలని పిల్లాడిని మాడ్చనక్కర్లేదు, పెరగకుండా ఆపితే చాలావరకు ఎత్తే సరిచేస్తుంది అన్నారు. రోజూ గంట ఆట ఉండాలి, ఆయాసం వస్తే ఆగి మళ్ళీ మొదలెట్టాలి. స్కూల్లో పీఈటీ సారు వీడిని ఖోఖోలో కూర్చోబెట్టి స్కోరు రాయిస్తున్నాడు. ఆయనతో నేను మాట్లాడుకుంటాను.

డైట్ చార్టు మాత్రం ఎవరో రాసింది జిరాక్స్ తీసి చేతిలో పెట్టారు. ఓట్స్, బ్రకోలీ, కినోవా. కృష్ణలంకలో బ్రకోలీ ఏ బండి మీద అమ్ముతారో చెప్తే కొనుక్కుంటాను. పెసరట్టుకి నూనె ఎంత, అన్నం ఎంత, సాయంత్రం స్కూలు నుంచి రాగానే ఏం పెట్టాలి అని రాసుంటే మాకు పనికొచ్చేది. కింద క్యాంటీన్లో అమ్మేవి పఫ్‌లు, కూల్‌డ్రింకులు.

పరీక్షకి 1200, డాక్టరుకి 600 తీసుకున్నారు. వెళ్ళేవాళ్ళు ఉదయం వెళ్ళండి, సాయంత్రం షిఫ్టులో ఆ అమ్మాయి ఉండదట. రిపోర్టులో అంకెలతో పాటు గ్రాఫులు, ఎన్నిసార్లు ఊదించారన్న పేజీ కూడా అడిగి తీసుకోండి, అడగకపోతే ఇవ్వరు. కలర్ ప్రింటుకి ఇంకో 50 అడుగుతారు. నలుపు తెలుపులో గ్రాఫు బాగానే కనబడుతుంది, కట్టకండి.