తల్లి రొయ్యకు గుళికల మేత: మూడేళ్లు వాడాక

కొత్తపట్నం దగ్గర ఒక వనామీ రొయ్యల హేచరీలో మెచ్యూరేషన్ సెక్షన్, అంటే తల్లి రొయ్యల చేత గుడ్లు పెట్టించే విభాగం, నేను చూసుకుంటాను. బ్రూడర్లకు (గుడ్ల కోసం ఉంచే ఆడ, మగ రొయ్యలకు) గుళికల మేత మొదలుపెట్టి మూడేళ్లయింది. కంపెనీల పేర్లు వద్దులెండి, రెండు మూడు మార్చాం.

మొదట చేసిన తప్పు: అప్పటిదాకా పెడుతున్న స్క్విడ్ (సముద్రంలో దొరికే మెత్తటి జీవి), పాలీకీట్ అనే సముద్రపు పురుగులు పూర్తిగా ఆపేయడం. అమ్మడానికి వచ్చినాయన అలాగే చెప్పాడు మరి. రెండో రాత్రే డ్యూటీ కుర్రాడు పిలిచాడు. "ఏందన్నా, నోటి దాకా తీసుకుని వదిలేస్తన్నాయి!" పొద్దున ట్యాంకు అడుగు శుభ్రం చేయడానికి సైఫన్ గొట్టం పెడితే ఉబ్బిన గుళికలు ఉబ్బినట్టే వచ్చాయి. పది రోజులకు టార్చి వేసి చూశాను. వీపు మీద ముదురు నారింజ రంగులో నిండుగా కనిపించాల్సిన అండాశయం సన్నగా, పాలిపోయి ఉంది. లక్షన్నర గుడ్లు పెట్టే తల్లి లక్ష దగ్గరే ఆగింది. మగవాటి సంగతి ఇంకా అధ్వానం, జతకట్టిన ఆడవి దొరకడమే గగనమైంది. పురుగుల్లో ఉండే అరకిడోనిక్ ఆమ్లం లాంటి కొవ్వులు గుళికలో అంత తేలిగ్గా రావని అప్పటికి గానీ తలకెక్కలేదు.

మరి ఎందుకు మానలేదంటే, పురుగులంటే భయం. వాటితో పాటు ఈహెచ్‌పీ అనే రొయ్యల పరాన్నజీవో తెల్లమచ్చ వైరస్సో లోపలికి వచ్చిందంటే, విదేశాల నుంచి తెప్పించి చెన్నై నీలాంకరై క్వారంటైన్ దాటించి తెచ్చుకున్న ఎస్పీఎఫ్ (ఫలానా రోగాలు లేవని పరీక్షించిన) తల్లులన్నీ పోయినట్టే. పైగా తుఫాను రోజుల్లో పురుగు దొరకదు, కరెంటు పోతే ఫ్రీజర్లో స్క్విడ్ ఏమవుతుందోనని టెన్షన్.

ఇప్పుడు రోజుకు ఆరు మేతల్లో రెండు గుళికలు, మిగతా నాలుగూ స్క్విడ్, పురుగులు. గుడ్ల లెక్క మళ్లీ పాత దారికొచ్చింది. పురుగుల వాడకం సగానికి తగ్గింది. ఒక్క మాట, గుళిక అలవాటు చేసేది కంటి కాడ తీయకముందే (త్వరగా గుడ్లకు రావాలని ఆడ రొయ్యకు ఒక కంటి కాడ తీసేస్తాం). తీశాక గుడ్ల మీద గుడ్లు పెడుతుంటాయి, ఆ టైములో మేతతో ప్రయోగాలు వద్దు.

నాకు మిగిలిన విసుగు బస్తాతోనే. ఒకసారి విప్పాక నూనె త్వరగా ముక్కిపోతుంది. ఒకటి అలాగే పారబోశాను, బిల్లు చూసి మా ఓనర్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు విప్పిన రోజే కిలో ప్యాకెట్లుగా కట్టి, స్క్విడ్ పక్కనే ఫ్రీజర్లో పెడుతున్నాం. ఫ్రీజర్ అవసరమే ఉండదని కదా కొన్నది!