చెవి వెనక మిషన్: క్లాసులో ఎంతవరకు పనికొస్తుంది?

ఉచిత శిబిరాల్లో సరిగా వినపడని పిల్లలకిచ్చే డిజిటల్ చెవి మిషన్‌కు ఐదులో మూడున్నర మార్కులు. కోసిన ఆ ఒకటిన్నర దూరానికి. ఎదురుగా మీటరు, మీటరున్నరలోపు మాట్లాడితే మాట బాగానే అందుతుంది. దూరం రెట్టింపైతే గొంతు తీవ్రత సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఫ్యాను రొద మాత్రం తగ్గదు, మిషన్ దాన్నీ పెంచి వినిపిస్తుంది. కళ్లజోడులా పెట్టుకోగానే అంతా సరైపోతుందని కొత్త టీచర్లు అనుకునేది ఇక్కడే తప్పుతుంది.

అన్నిటికన్నా ముందు పేచీ పెట్టేది మౌల్డ్, అంటే చెవి అచ్చు తీసి చేసే, చెవిలో కూర్చునే ముక్క. పిల్లల చెవి పెరిగేకొద్దీ అది వదులవుతుంది. పెరిగిన శబ్దం సందుల్లోంచి బయటికొచ్చి మళ్లీ మైకులోకే దూరుతుంది, కుయ్‌మని ఈల. క్లాసంతా నవ్వుతుంది, పిల్లాడు మిషన్ తీసి జేబులో వేసుకుంటాడు. అప్పుడు వాల్యూమ్ తగ్గించడం మందు కాదు. మౌల్డ్ సరిగ్గా కూర్చుందో లేదో, చెవిలో గుబిలి ఉందో చూడండి. అయినా ఈల ఆగకపోతే కొత్త అచ్చు తీయించాలి. మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) ఐఈఆర్పీని, అంటే అక్కడి ప్రత్యేక టీచరును అడిగితే ఎక్కడికెళ్లాలో చెబుతారు. ఎర్ర గుర్తున్నది కుడి చెవికి, నీలం గుర్తున్నది ఎడమకు.

బ్యాటరీలు గాలితో పనిచేసే జింక్ రకం. నారింజ స్టిక్కరుంటే 13 సైజు, నీలమైతే 675. స్టిక్కరు పీకి ఒక నిమిషం ఆగి వేయాలి. పీకాక మళ్లీ అంటించి దాచుకుందామంటే కుదరదు. వాడకాన్ని బట్టి వారం, రెండు వారాలు వస్తాయి కాబట్టి టీచరు డెస్కులో ఒక స్ట్రిప్ ఉండాల్సిందే. చిన్న ఊళ్ల మెడికల్ షాపుల్లో ఇవి దొరకడం కష్టం.

రోజూ ప్రార్థన అయ్యాక రెండు నిమిషాల పరీక్ష ఒకటి: పిల్లాడి వెనక నిలబడి ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అనండి. విన్నప్పుడల్లా గిన్నెలో చింతగింజ వేయమనండి. మధ్య విరామం మార్చకపోతే లెక్కపెట్టి వేసేస్తాడు, వీళ్లు గడుసువాళ్లు. కొందరికి స్ ఎప్పుడూ వినపడదు. నిన్న విన్నది ఇవాళ వినకపోతేనే బ్యాటరీ, ట్యూబులో నీటిచుక్క, చెవిపోటు వరుసగా అనుమానించాలి.

పెదాలు చూసి అర్థం చేసుకుంటాడులే అని వదిలేయకండి. పాట, బాట, మాట: అద్దం ముందు గొంతు రాకుండా అని చూసుకోండి, మూడూ ఒకేలా ఉంటాయి. డిక్టేషన్‌లో విడి పదం కాకుండా వాక్యం చెప్పాలి. బోర్డు వైపు తిరిగి మాట్లాడితే ఆ కాస్త ఆధారమూ పోతుంది. కిటికీకి వీపు పెట్టి నిలబడినా అంతే, మొహం మీద నీడ పడుతుంది. అరిస్తే పెదాల ఆకారం చెడుతుంది.

దాతలో, స్కూలో కొనగలిగితే రిమోట్ మైకు తీసుకోండి, టీచరు తగిలించుకుంటే గొంతును నేరుగా పిల్లాడి మిషన్‌కు పంపేది; దీనికి నాలుగున్నర మార్కులిస్తాం. దూరం బాధ తీర్చేది అదే. కొనేముందు పిల్లాడి మిషన్‌తో జత కుదురుతుందో ఆడియాలజిస్టును (వినికిడి నిపుణుణ్ని) అడగాలి. నోటికి జానెడు కిందుగా తగిలించాలి; మంగళసూత్రం గొలుసో, చున్నీ అంచో రాసుకుంటే ఆ గరగర నేరుగా పిల్లాడి చెవిలోకే వెళుతుంది. వేరే పిల్లలు జవాబు చెప్పేటప్పుడు మైకు వాళ్ల చేతికివ్వండి. స్టాఫ్ రూముకెళ్లేటప్పుడు ఆపేయండి, లేకపోతే అక్కడి కబుర్లన్నీ మూడో బెంచీలో వినిపిస్తాయి.