పాలకొల్లు డ్రైవింగ్ స్కూల్: లైసెన్సు, బరువు లెక్క

ఈ స్కూల్లో థియరీ క్లాసు ఫస్ట్‌క్లాస్, ట్రైలర్ పాఠం మాత్రం అంతంతే.

ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సుకు హద్దు 7,500 కిలోలు. గూడ్స్ వ్యానుకు ఆర్సీలో రాసిన మొత్తం బరువు (బండి, సరుకు కలిపి) చూడాలి; కారుకీ ట్రాక్టరుకీ ఖాళీ బరువే లెక్క. రొయ్యల వ్యాను ఆర్సీలో 7,490 ఉంటే ఈ లైసెన్సు చాలు, 8,000 ఉంటే ఖాళీగా తోలినా కుదరదు. ఈ హద్దులోపు రవాణా బండికి లైసెన్సు మీద వేరే ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి) అక్కర్లేదని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. ప్రమాదకర సరుకుకు మాత్రం కావాలి. ఇదంతా ఆర్సీ చేతికిచ్చి మరీ చెబుతారు. ఓవర్‌లోడు సంగతి వేరు: 20,000 రూపాయల జరిమానా, పైన అదనపు టన్నుకు 2,000. ధాన్యం కోతల్లో ఇది గుర్తుంచుకోవాలి మరి.

ట్రైలర్‌ను వెనక్కి తోలడం పది నిమిషాల్లో కానిచ్చేస్తారు. స్టీరింగ్ కింది భాగం పట్టుకుని, ట్రైలర్ ఎటు పోవాలో చేతిని అటే జరపాలి, కొద్దికొద్దిగా. ఎక్కువ తిప్పితే బండీ ట్రైలరూ ఎల్ ఆకారంలో మడతపడతాయి. అప్పుడు ఇంకా తిప్పకుండా ముందుకు లాగి సరిచేయాలి. కాలవగట్టు మీద అంత జాగా ఎక్కడిది? ఖాళీ కళ్లంలో ఓ పూట ప్రాక్టీసు అడిగి పెట్టించుకోండి.