కూలెంట్ లైటు ఎందుకు వెలుగుతోందో ఈ చేతి పంపు చెప్పింది, సగం

నా కారు వయసు పదిహేడేళ్లు. పొద్దున్నే తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గిందని చెప్పే లైటు వెలిగేది. పది నిమిషాలు నడిపేసరికి దానంతటదే ఆరిపోయేది. మొదట్లో ఆరిపోతే సంతోషించేదాన్ని. తర్వాత తెలిసింది అందులో సంతోషించడానికేమీ లేదని. ఇంజిన్ వేడెక్కితే కూలెంట్ వ్యాకోచించి డబ్బాలో మట్టం కాస్త పైకొస్తుంది, దాంతో లైటు ఊరుకుంటుంది. చల్లారాక మళ్లీ మొదటికే.

మెకానిక్‌కి చూపిస్తే వంగి ఒకసారి కిందికి చూసి, చుక్క కూడా కారడం లేదన్నాడు. "పాత బండి కదమ్మా, సెన్సార్ పోయుంటుంది, వైరు కలిపి కట్టేస్తే మళ్లీ వెలగదు" అన్నాడు. వద్దన్నాను. ఎందుకంటే పది రోజులకోసారి పావు లీటరు దాకా నేనే పోస్తున్నాను. సెన్సార్ పాడైతే లైటు వెలుగుతుంది గానీ కూలెంట్ తాగదు కదా!

అప్పుడే, కూలెంట్ తిరిగే దారిలోకి గాలి కొట్టి లీకు పట్టే ఈ ప్రెషర్ టెస్టర్ కిట్ తెప్పించాను. రెండు నెలలు వాడాక రాస్తున్నాను.

పెట్టెలో ఒక చేతి పంపు, దానికి మీటరు, పొట్టి గొట్టం, రంగురంగుల మూతలు పదకొండు. సైకిల్ పంపు కొట్టడం వచ్చినవాళ్లకి ఇదీ వస్తుంది. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మూత తీసి, మీ బండికి సరిపోయే మూత బిగించి, గొట్టం తగిలించి పంపు కొట్టాలి. ఎంత ఒత్తిడి వరకు అన్నది మీ పాత మూత మీదే రాసి ఉంటుంది. నాది 1.1 బార్, అంటే దాదాపు 16 పీఎస్ఐ. దాన్ని దాటించకూడదు. దాటిస్తే లేని లీకుని మనమే తయారుచేసినవాళ్లం అవుతాం.

చుక్క కారని లీకు ఎలా ఉంటుందని నాకూ మొదట్లో అనుమానమే. కూలెంటూ నీళ్లూ సగం సగం కలిపితే మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత ఒత్తిడిని బిగించి ఉంచడం వల్ల 120 దాటినా మరగదు. బండి నడుస్తున్నప్పుడు ఆ ఒత్తిడికే సన్న చీలిక తెరుచుకుంటుంది. బయటికొచ్చిన చెమ్మ వేడి లోహం మీద అక్కడే ఆవిరైపోతుంది. బండి ఆపి, చల్లారాక కిందికి వంగి చూసేసరికి అంతా పొడిగానే ఉంటుంది. ఈ పంపు చేసే పనల్లా ఇంజిన్ చల్లగా ఉండగానే ఆ ఒత్తిడి పెట్టడం. అప్పుడు కారింది ఆవిరవదు, కంటికి దొరుకుతుంది.

ఇక నా మొదటి పరీక్ష కథ. 16 దాకా కొట్టాను. పది నిమిషాల్లో ముల్లు 11కి పడిపోయింది. దొరికిందిరా దొంగ అనుకుని టార్చి పట్టుకుని గంటసేపు వెతికాను. హోస్ పైపుల క్లిప్పులు, వాటర్ పంప్ కింద ఉండే చిన్న రంధ్రం, థర్మోస్టాట్ దగ్గర అతుకు, అన్నీ పొడిగానే ఉన్నాయి. ముందు సీటు దగ్గర కార్పెట్ ఎత్తి తడిమాను, హీటర్ కోర్ (కారు లోపలికి వేడి గాలినిచ్చే చిన్న రేడియేటర్) కారితే అక్కడ తడి తగులుతుంది, లోపల తీపి వాసన కొడుతుంది. అదీ లేదు. చివరికి విసుగొచ్చి సబ్బు నీళ్లు కలిపి, ఎందుకైనా మంచిదని కిట్‌తో వచ్చిన మూత చుట్టూ రాశాను. బుడగలే బుడగలు. కారుతున్నది కారు కాదు, కిట్టు! మూత లోపలి రబ్బరు రింగు మెలిక పడి ఉంది. తీసి సరిచేసి, కాస్త కూలెంట్ తడి రాసి బిగించాక ఆగింది. ఈ మాట మాన్యువల్‌లో ఎక్కడా లేదు. మాన్యువల్లో బొమ్మలే లేవనుకోండి. ఏ మూత ఏ రకం బండికన్నదీ రంగుని బట్టి మనమే ఊహించుకోవాలి.

రెండోసారి 16 నుంచి పదిహేను నిమిషాల్లో 14కి దిగింది. ఇది అసలుది. ఫ్యాను కవరు వెనక చిన్న అద్దం పెట్టి చూస్తే, రేడియేటర్ పక్కనున్న ప్లాస్టిక్ భాగమూ అల్యూమినియం జాలీ కలిసే కింది మూలలో ఒక్క చుక్క, ముత్యంలా. దాని చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు మరక. అంటే ఎన్నాళ్లుగానో అక్కడే కారి అక్కడే ఆరిపోతోందన్నమాట.

కిట్‌లో నాకు బాగా నచ్చింది, పాత మూతనే పరీక్షించే గొట్టం ముక్క. నా మూత 16 దగ్గర ఒత్తిడిని వదలాల్సింది, 12 దగ్గరే వదిలేస్తోంది. రేడియేటర్‌తో పాటు దాన్నీ మార్పించాను. ఈ పరీక్ష చేయకపోతే ఆ మూత మీద ఎవరికీ అనుమానం వచ్చేది కాదు.

కొత్త రేడియేటర్ వేసి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, గాలిని బయటికి వదిలే స్క్రూ తిప్పి లోపలి బుడగలన్నీ పోయేదాకా కూలెంట్ నింపాం. రెండు రోజులు హాయిగా ఉంది. మూడో రోజు మళ్లీ లైటు.

డబ్బాలో మట్టం నిండుగానే ఉంది. పంపు కొడితే ముల్లు ఇరవై నిమిషాలు కదల్లేదు. ఇక్కడితో ఈ పరికరం పని అయిపోయింది. లీకు లేదని ఖాయంగా చెప్పింది, ఆపైన దానికి నోరు లేదు. నా బండిలో డబ్బా లోపల అయస్కాంతం ఉన్న తేలే బిళ్ల ఒకటి ఉంటుంది, సెన్సార్ కింది నుంచి పొడి గుంటలోకి దూరి ఉంటుంది, లాగినా నీళ్లు కారవు. తాళం తిప్పి ఉంచి, సెన్సార్ బయటికి లాగి, దాని పక్కన చిన్న అయస్కాంతం పెట్టాను. కొన్ని క్షణాలకి లైటు ఆరింది. వెంటనే ఆరకపోతే తాళం ఒకసారి ఆపి తిప్పండి, కొన్ని బండ్లు ఆలస్యంగా ఒప్పుకుంటాయి. అంటే సెన్సార్ బాగుంది, వైరూ బాగుంది. డబ్బా లోపల గోధుమరంగు మడ్డి పట్టి బిళ్ల అడుగున అతుక్కుపోయింది. నాకన్నా ముందు ఈ కారు వాడినవాళ్లు లీకు ఆపే పొడి పోశారో, రెండు రకాల కూలెంట్లు కలిపారో మరి. డబ్బా ఎలాగూ పసుపెక్కింది, మార్చేశాను. లైటు మళ్లీ రాలేదు.

కొనేముందు ఒక మాట. చల్లటి ఇంజిన్ మీద నాలుగు రోజులు మట్టానికి గీత పెట్టుకుని చూడండి. గీత దగ్గరే ఉండి లైటు వెలుగుతుంటే మీకు ఈ కిట్ అక్కర్లేదు, సెన్సార్ దగ్గరికి వెళ్లండి. గీత దిగుతుంటేనే కొనండి. కూలెంట్ తగ్గుతూ, పొగ తెల్లగా వస్తూ, డబ్బాలో బుడగలు లేస్తుంటే అనుమానం హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) మీద. దానికి నీలి ద్రావణంతో చేసే పరీక్ష వేరే ఉంది, పొగలోని వాయువు తగిలితే అది పసుపురంగుకి మారుతుంది. ఈ పెట్టెలో అది రాదు. ఇంకోటి, పరీక్ష చేసేటప్పుడు కింద పళ్లెం పెట్టండి. కూలెంట్ తీయగా ఉంటుంది, కుక్కలు నాకితే ప్రాణం మీదికొస్తుంది.

నాలుగు స్టార్లు. పోయిన స్టారు ఆ రబ్బరు రింగుది. గొట్టం ఇంకో జానెడు పొడవుంటే బాగుండేది, మీటరు ఇంజిన్ మీద ఆనించి మెడ వంచి చదవాల్సి వస్తోంది. మా మరిది పోయినవారం పెట్టె పట్టుకెళ్లాడు, వాళ్ల కారుకీ అదే లైటట. పెట్టె మూత కీలు అప్పటికే విరిగి ఉందని అతనికి చెప్పడం మర్చిపోయాను.