మూడేళ్లు తొడిగాక చెబుతున్నా: చేత్తో కుట్టుకున్న 1780ల నాటి స్టేస్

స్టేస్ ఎలా కుట్టాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఏళ్ల తరబడి తొడిగి, చెమటకు తడిపి, చిరిగితే బాగుచేసుకున్నాక ఎలా ఉందో రాసినవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు. అందుకే ఇది.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్ ఆడవాళ్లు లోపలి లినెన్ చొక్కా మీద, గౌను కింద తొడుక్కున్న గట్టి బాడీని స్టేస్ అంటారు. విక్టోరియా కాలపు కార్సెట్‌తో దీన్ని కలిపేయకండి. నడుము నొక్కేయడం దీని పని కాదు, ఒంటిని గరాటులా నున్నగా నిలబెట్టడం దీని పని. నేను ఇంగ్లండ్‌లోనే ఉంటాను, ఒక పాత బంగళా వంటింట్లో ఆ కాలపు బట్టలు వేసుకుని, చూడ్డానికి వచ్చినవాళ్లకు పనులు చూపించే వాలంటీరుని. నెలకు మూడు నాలుగు రోజులు, రోజుకు ఆరేడు గంటలు ఇది నా ఒంటి మీదే ఉంటుంది.

ముందు, బాడీ గట్టిగా నిలబడడానికి లోపల దూర్చే పుల్లల సంగతి, ఎందుకంటే మంచీ చెడూ అంతా వాటిలోనే ఉంది. ఆ రోజుల్లో వాడింది తిమింగలం నోట్లో జల్లెడలా వేలాడే పొరలు. పేరుకు ఎముక అంటారు గానీ అది మన గోళ్ల లాంటి పదార్థమే. అసలుది ఇప్పుడు కొనలేం, కొనాలని నాకు లేదు కూడా. నా మొదటి స్టేస్‌లో హార్డ్‌వేర్ షాపులో దొరికే వెడల్పాటి కేబుల్ టైలు (వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలు) పెట్టాను, చవగ్గా వచ్చాయి, కానీ ఒక్క వేసవికే నడుము దగ్గర మడతపడి ఆ మడత లోపలికి గుచ్చుకోవడం మొదలైంది. రెండోసారి, అంటే ఈ స్టేస్‌కి, జర్మనీలో తయారయ్యే కృత్రిమ తిమింగలపు ఎముక, 6 మిల్లీమీటర్ల వెడల్పుది తెప్పించాను. కత్తెరతో తెగుతుంది, కొసలు గోళ్ల ఆకురాయితో గుండ్రంగా అరగదీస్తే చాలు. మొత్తం 44 పుల్లలు. పోయినేడు ఒక పుల్ల అంచు పట్టీని చీల్చుకుని చంక కింద బయటికొచ్చింది, సరే బాగుచేద్దామని లాగి బల్ల మీద పెడితే తిన్నగా పడుకోలేదు, నా పక్కటెముకల వంపు ఎలా ఉందో అచ్చం అలాగే వంగి ఉంది, ఒంటి వేడికి మెల్లగా అలా మలుచుకుంది! మొదటి నెలలో చెక్కలా ఉన్న బాడీ ఇప్పుడు నాకు మాత్రమే సరిపోయేలా అయిపోవడానికి కారణం అదే.

కుట్టుపని ఓపికతో కూడుకున్నది. లంగాకి బొందు ఎక్కించే మడత ఉంటుంది కదా, అలాంటివే సన్నటి గాడులు, ఒక్కో పుల్లకి ఒకటి, మైనం పట్టించిన లినెన్ దారంతో వెనక్కి ఎత్తి కుట్టుకుంటూ పోవాలి. నాకు నాలుగు నెలలు పట్టింది. బొందు రంధ్రాలకు గుడ్డ కత్తిరించొద్దు, ఆరెతో (చెప్పులు కుట్టేవాళ్లు రంధ్రాలకు వాడే మొనతో) పోగుల్ని పక్కకు జరిపి చుట్టూ కాజా కుట్టినట్టు కుట్టండి. పోగు తెగదు కాబట్టే నావి ఇప్పటికీ ఒక్కటీ సాగలేదు. ఇంకోటి, ఒకే బొందు మెలితిరుగుతూ పైకి పోతుంది కాబట్టి రెండు వైపుల రంధ్రాలు ఎదురెదురుగా ఉండకూడదు, ఒక వైపువి సగం దూరం కిందికి ఉండాలి, లేకపోతే ఒక భుజం ఎత్తుగా, ఒకటి పల్లంగా కూర్చుంటుంది.

అంచు పట్టీ మాత్రం ఏడిపిస్తుంది. నడుము కింద తుంటి మీదికి విచ్చుకునే నాలుకలు ఉంటాయి, వాటి సందుల్లో మెత్తని తోలు పట్టీని మలుపు తిప్పి కుట్టాలంటే వేళ్లు పుండ్లు పడతాయి. తొందరపడి నేను కాటన్ పట్టీ వేశాను, అదే చిరిగింది. తోలే వేయండి.

ఊపిరాడుతుందా అని ఇంటి దగ్గర నుంచి అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. హాయిగా ఆడుతుంది, వెనక రెండంగుళాల ఖాళీ వదిలి కట్టుకుంటే. ఇనుప కుండలు ఎత్తిన రోజు సాయంత్రం నడుం నొప్పి లేదంటే దీని చలవే, లంగాల బరువు కూడా బొందుల దగ్గర కోసుకోకుండా నాలుకల మీద పడుతుంది. వంగడం మాత్రం మరిచిపోండి, కింద పడ్డది తీయాలంటే మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే. ఎండాకాలం చెమట పడుతుంది, అయినా చొక్కా మార్చుకుంటే సరిపోతుంది.

పైన నేను వేసే జాకెట్ పెడన కలంకారీ. అద్దకం నూలు బట్టల మీద 1721లో ఇంగ్లండ్ పెట్టిన నిషేధాన్ని 1774లో ఎత్తేశారు గానీ, అది అక్కడే తయారైన బట్టకు మాత్రమే, మన దేశపు అద్దకం బట్టల దిగుమతి మీద నిషేధం అలాగే ఉండింది, కాబట్టి లెక్కకు పూర్తిగా సరిపోకపోయినా 1780ల స్టేస్ మీద మన తీరం బట్ట వేసుకోవడం నాకు చెప్పలేనంత సంతోషం.

లైనింగ్ అన్నిటికంటే చివర, విడిగా వేశాను, ఆ కాలంలోనూ అంతే, పాడైతే అదొక్కటి విప్పి మార్చుకోవడానికి. ఈ చలికాలం దాన్ని విప్పి కొత్తది వేస్తున్నా, దాంతోపాటే అంచంతా మేక తోలు పట్టీ.